టర్బో డీజిల్ కారులో పికప్ పడిపోతే: కారణం పట్టుకునే తీరు

టర్బో ఉన్న డీజిల్ కారులో యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజన్ నుంచి రావలసిన బలం రాకపోవడాన్ని వాడుకలో పికప్ పడిపోవడం అంటారు. బండి లాగట్లేదు, ఎత్తు ఎక్కట్లేదు, ఏసీ వేస్తే చచ్చిపోతోంది అనే ఫిర్యాదులన్నీ దీని గురించే. ఇది ఒక లోపానికి పేరు కాదు. చాలా లోపాలు పైకి కనిపించే తీరు ఇదొక్కటే. జానెడు వాక్యూం గొట్టం చిట్లినా బండి ఇలాగే ఉంటుంది, ఇంజన్ బోరుకొచ్చినా ఇలాగే ఉంటుంది. అందుకే ఇందులో మరమ్మతు కంటే కారణం పట్టుకోవడమే పెద్ద పని.

షెడ్డుకు వెళ్ళగానే తరచుగా వినిపించే తీర్పు "టర్బో పోయింది" అన్నది. చాలాసార్లు అది తొందరపాటు తీర్పు. టర్బోకు ముందు ఎయిర్ ఫిల్టర్ ఉంది, తర్వాత కుదించిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, దాని హోసులు ఉన్నాయి. టర్బోను అదుపు చేసే యాక్చుయేటర్, దానికి ఆయిల్ తెచ్చే సన్నని పైపు, దాన్ని తిప్పే పొగ, ఆ పొగ బయటికి పోయే దారి ఉన్నాయి. వీటిలో ఏది తప్పినా నింద టర్బో మీదే పడుతుంది. వేల రూపాయలు పోసి కొత్త టర్బో వేయించుకున్నాక కూడా బండి అలాగే ఉంటే, ఆ బండి మీదే బతికే ట్యాక్సీ యజమానికి అది చిన్న నష్టం కాదు. విప్పే ముందు కొలవాలి అన్న ఒక్క నియమం పాటిస్తే ఈ నష్టంలో ఎక్కువ భాగం తప్పుతుంది.

గాలి, డీజిల్, టర్బో

డీజిల్ ఇంజన్ బలం సిలిండర్‌లోకి చల్లే డీజిల్ మీద ఆధారపడుతుంది. అయితే ఎంత డీజిల్ చల్లవచ్చో తేల్చేది గాలి. ఒక గ్రాము డీజిల్ పూర్తిగా కాలడానికి లెక్క ప్రకారం దాదాపు 14.5 గ్రాముల గాలి కావాలి. సిలిండర్‌లో రెండూ కలవడానికి దొరికే సమయం రెప్పపాటు కూడా ఉండదు కాబట్టి, నల్ల పొగ రాకుండా ఉండాలంటే ఇంకా ఎక్కువ గాలే ఇవ్వాలి. గాలి తగ్గితే ఇంజన్‌కు రెండే దారులు: డీజిల్ తగ్గించుకోవడం, లేదా పొగ కక్కడం. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే తర్వాతి పరీక్షలు చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి.

బయటికి పోయే పొగ వేగంతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు రెండో కొసన ఉన్న మరో చక్రంతో గాలిని కుదించి ఇంజన్‌లోకి నెట్టే యంత్రమే టర్బో. స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. చాలా ఏళ్ళకు ఓడల ఇంజన్లలోకీ, ఆ తర్వాత లారీలలోకీ వచ్చింది. అమ్మకానికి పెట్టిన కార్లలో టర్బో డీజిల్‌కు ఆద్యం 1978 నాటి మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్‌డీ. ఐదు సిలిండర్ల మూడు లీటర్ల ఇంజన్. 1997లో ఆల్ఫా రోమియో 156తో, అన్ని ఇంజెక్టర్లకూ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందించే కామన్ రైల్ పద్ధతి మామూలు కార్లలోకి అడుగుపెట్టాక డీజిల్ కారు రూపే మారిపోయింది. అంతకు ముందు పంపు ఎంత తోస్తే అంత డీజిల్ పోయేది. ఇప్పుడు ఎంత చల్లాలి, ఎప్పుడు చల్లాలి, టర్బో ఎంత ఒత్తిడి కట్టాలి అన్నవన్నీ ఇంజన్ కంట్రోల్ యూనిట్, అంటే ఈసీయూ, నిర్ణయిస్తుంది.

మన రోడ్ల మీద ఈ తరానికి ప్రతినిధిగా ఫియట్ 1.3 మల్టీజెట్ ఇంజన్‌ను చెప్పుకోవచ్చు. 2003లో యూరప్‌లో వచ్చిన ఈ 1248 సీసీ ఇంజన్‌ను మన దేశంలో 2007 నుంచి మారుతి స్విఫ్ట్‌లో, తర్వాత డిజైర్‌లో, టాటా ఇండికా విస్టాలో, ఫియట్ పుంటోలో పెట్టారు. మారుతి 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలతో డీజిల్ కార్లు ఆపేసింది కానీ, విజయవాడ బస్టాండు బయటా హైదరాబాద్ విమానాశ్రయ దారిలోనూ ఆ ఇంజన్ల చప్పుడు ఇంకా ఆగలేదు. ఈ వ్యాసంలోని లెక్కలకు ఆ ఇంజన్‌నే నమూనాగా తీసుకున్నాం. దాని 75 హార్స్‌పవర్ రకంలో మామూలు టర్బో ఉంటుంది. ఒత్తిడి ఎక్కువైతే పొగను పక్కదారి పట్టించే వేస్ట్‌గేట్ తలుపు దానికి అదుపు. 90 హార్స్‌పవర్ రకంలో వేరియబుల్ టర్బో, అంటే వీజీటీ ఉంటుంది. ఇందులో పొగ చక్రం చుట్టూ కదిలే రెక్కలు ఉంటాయి. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అవి దగ్గరకు ముడుచుకుని పొగ వేగం పెంచుతాయి, వేగం అందుకున్నాక విచ్చుకుంటాయి.

డ్రైవర్ నోటి మాట, పొగ రంగు

స్కానర్ పెట్టే ముందు బండి నడిపేవాణ్ణి అడగవలసినవి ఉన్నాయి. పికప్ ఒక్కసారిగా పోయిందా, నెలల తరబడి తగ్గుతూ వచ్చిందా? ఒక్కసారిగా పోతే ఏదో ఊడింది, చిట్లింది, లేదా ఏదో సెన్సర్ అబద్ధం చెబుతోంది. మెల్లగా తగ్గితే మసి పేరుకోవడం, ఫిల్టర్ మూసుకుపోవడం, ఏదో అరిగిపోవడం. ఇంజన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుందా? బాగుంటే ఈసీయూ కళ్ళెం వేస్తోందన్నమాట. ఈ మధ్య ఎక్కడ సర్వీస్ చేయించారు, ఏ ఊళ్ళో డీజిల్ కొట్టించారు, బండి ఎన్నాళ్ళు కదలకుండా ఉంది? నెల రోజులు చెట్టుకింద నిలిపిన కారులో ఎలుకలు కొరికిన గొట్టం దొరకడం మన ప్రాంతంలో ఎంత మామూలో మెకానిక్కులందరికీ తెలుసు.

ఏ వేగంలో బలం పోతోందన్నది ఇంకా విలువైన సమాచారం. వీజీటీ రెక్కలు విచ్చుకున్న చోటే బిగుసుకుపోతే రెండు వేల ఆర్పీఎం లోపు బండి ఈడ్చుకుంటూ వెళ్తుంది, ఆ పైన కాస్త తేరుకుంటుంది. ముడుచుకున్న చోట బిగుసుకుపోతే అందుకు తారుమారు: మొదట్లో జోరుగా అందుకుని, తిరుమల రెండో ఘాట్ లాంటి ఎక్కుడు మధ్యలో ఒత్తిడి హద్దు మీరి, లైటు వెలిగి, బండి హఠాత్తుగా నీరసపడుతుంది. ఎనభై దాకా బాగానే పోయి, నూరు దగ్గర కుదుపులతో ఆగిపోయే బండిలో ముందుగా చూడవలసింది డీజిల్ ఫిల్టర్. తక్కువ వేగంలో ఇంజన్ అడిగే డీజిల్ సగం మూసుకున్న ఫిల్టర్ గుండా కూడా పోతుంది. అడిగేది పెరిగినప్పుడే దాని సంగతి బయటపడుతుంది.

ఇక పొగ. వెనక వచ్చే బండివాడు చెప్పే సాక్ష్యం ఇది. బలం లేదు, వెనక నల్ల పొగ దట్టంగా వస్తోందంటే డీజిల్ అందుతోంది, గాలే చాలట్లేదు. బలం లేదు, పొగా లేదు అంటే డీజిల్ అందట్లేదు, లేదా ఈసీయూ తానే డీజిల్ తగ్గిస్తోంది. నీలి పొగ ఆయిల్ కాలుతోందని చెబుతుంది. టర్బో సీళ్ళ నుంచి గానీ పిస్టన్ రింగుల నుంచి గానీ. వేడెక్కిన ఇంజన్‌లో కూడా తెల్ల పొగ ఆగకపోతే కాలని డీజిల్ గానీ, సిలిండర్‌లోకి చేరిన కూలెంట్ గానీ కారణం. ఒక జాగ్రత్త చెప్పాలి: పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఉన్న బీఎస్-6 బండ్లలో నల్ల పొగ బయటికే రాదు. అక్కడ పొగ లేనంత మాత్రాన గాలి బాగుందని అనుకోకూడదు.

నిజంగా ఇంజన్ లోపమేనా?

ఈ ప్రశ్న మొదటే తేల్చుకోవాలి. ఇంజన్‌లో బలం నిండుగా ఉన్నా చక్రానికి చేరకపోవచ్చు. చదునైన ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో నలభై, యాభై వేగంతో పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్పీఎం ముల్లు పైకి లేచి, వేగం మాత్రం అక్కడే ఉంటే క్లచ్ ప్లేట్ స్లిప్ అవుతోంది. టర్బో డీజిల్‌లో ఇది సరిగ్గా రెండు వేల ఆర్పీఎం దగ్గర, అంటే టర్బో అందుకుని ఇంజన్ ఊపు గరిష్ఠమయ్యే చోటే బయటపడుతుంది. అందువల్ల టర్బో లోపంగా పొరపడటం తేలిక. బ్రేకు పట్టేసిన చక్రమూ ఇలాగే బండిని వెనక్కి లాగుతుంది. పది కిలోమీటర్లు నడిపి ఆపాక ఒక చక్రం దగ్గర మిగతా వాటికంటే వేడి ఎక్కువగా తగిలితే అక్కడ చూడాలి.

గాలి దారి

పికప్ లోపాల్లో ఎక్కువ భాగం ఈ దారిలోనే దొరుకుతాయి కాబట్టి వ్యాసంలోనూ దీనికే ఎక్కువ చోటు. ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడటం రెండు నిమిషాల పని. కోతల కాలంలో, మట్టి రోడ్ల మీద, క్వారీల దగ్గర తిరిగే బండిలో పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగకూడదు. ఫిల్టర్ పెట్టెలో మరిచిపోయిన గుడ్డ, లోపలి మడతల్లోకి కుచించుకుపోయిన పీల్చుడు గొట్టం కూడా దొరుకుతుంటాయి.

టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజన్‌కు వెళ్ళే రబ్బరు హోసులది ఇంకో కథ. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు హోసు చిట్లినా పెదవులు మూసినట్టు మూసుకుని ఉంటుంది. ఖాళీగా తిరిగేటప్పుడు కూడా అంతే. లోడు పడి, లోపల ఒత్తిడి పెరిగినప్పుడే ఆ పెదవులు తెరుచుకుని గాలి బుస్సుమంటుంది. కాబట్టి బానెట్ ఎత్తి పైపైన చూస్తే ఏమీ కనిపించదు. హోసును చేత్తో వంచి, కింది వైపు, క్లిప్పు అంచున, పక్క లోహానికి రాసుకునే చోట వేలితో తడమాలి. ఇంజన్ శ్వాస గొట్టం నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి వల్ల హోసుల లోపల పలచని జిడ్డు ఎప్పుడూ ఉంటుంది. చిట్లిన చోట ఆ జిడ్డు బయటికి తన్నుకొచ్చి, దుమ్ము అంటుకుని, నల్లటి తడి మరకగా మిగులుతుంది. చుట్టూ ఎండిన దుమ్ము ఉండి ఒక్క చోటే జిడ్డు మరక ఉందంటే దాని నడుమనే చీలిక ఉంటుంది. అనుమానం తీరకపోతే గొట్టాల కొసలు మూసి, తక్కువ ఒత్తిడితో గాలి నింపి సబ్బు నీళ్ళు పూయడం, లేదా పొగ యంత్రంతో పొగ ఎక్కించి చూడటం నమ్మకమైన పద్ధతి. ఇంటర్‌కూలర్ కూడా ఇదే పరీక్షలో తేలుతుంది. ముందు బంపర్‌కు దెబ్బ తగిలి బాగుచేయించిన బండిలో దాన్ని తప్పక చూడాలి.

హోసుల లోపలి ఆ పలచని జిడ్డు చూపించి, టర్బో సీళ్ళు పోయాయని తేల్చేసేవారు చాలామంది. అది సరికాదు. చేతికి అంటే జిడ్డు మామూలే. ఇంటర్‌కూలర్ అడుగున ఆయిల్ మడుగు కట్టి, ఇంజన్ ఆయిల్ మట్టం తరుగుతూ ఉంటే అప్పుడు సీళ్ళ సంగతి ఆలోచించాలి.

వీజీటీని ఆడించే యాక్చుయేటర్ చాలా కార్లలో వాక్యూంతో పనిచేస్తుంది. ఇంజన్ మీద ఉన్న వాక్యూం పంపు, అక్కడి నుంచి సన్నని గొట్టాలు, మధ్యలో ఈసీయూ అదుపు చేసే సోలనాయిడ్ వాల్వు, చివర డబ్బా లాంటి యాక్చుయేటర్. గొట్టం చిట్లితే రెక్కలు ముడుచుకోవు, బలం రాదు. ఒకరు స్టార్ట్ చేస్తుంటే మరొకరు టార్చి పట్టుకుని యాక్చుయేటర్ కడ్డీని చూడండి. వాక్యూం రకంలో సాధారణంగా ఇంజన్ అందుకోగానే కడ్డీ సాఫీగా లోపలికి లాగబడుతుంది, ఇంజన్ ఆపగానే వదులుతుంది. కదలకపోతే గొట్టం పీకి వేలు పెట్టి చూడండి: వేలిని పీల్చి పట్టుకుంటోందా? పట్టుకుంటున్నా కడ్డీ కదలకపోతే డబ్బాలోని పొర చినిగింది, లేదా రెక్కలు మసితో బిగుసుకున్నాయి. చేతి వాక్యూం పంపుతో నేరుగా డబ్బాకు వాక్యూం ఇచ్చి ఇది తేల్చవచ్చు. పంపు మీటరు ముల్లు నిలబడకుండా జారితే పొర చినిగింది, నిలబడినా కడ్డీ మెట్టు మెట్టుగా ఆగుతూ కదిలితే రెక్కల్లో మసి. అదే వాక్యూం బ్రేకు బూస్టర్‌కు కూడా వెళ్తుంది. పికప్ తగ్గడంతో పాటు బ్రేకు పెడల్ గట్టిపడిందని డ్రైవర్ చెబితే సోలనాయిడ్ కంటే ముందు పంపును చూడాలి.

ఈజీఆర్ వాల్వు కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపి కాలుష్యం తగ్గిస్తుంది. పూర్తి లోడులో అది మూసి ఉండాలి. మసి పట్టి తెరుచుకునే ఉండిపోతే గాలి ఉండాల్సిన చోట పొగ నిండుతుంది. బలం తగ్గి నల్ల పొగ వస్తుంది. దీనికి రేకు పెట్టి మూసేయడం షెడ్లలో అలవాటుగా మారింది. కాలుష్య నిబంధనలకు అది విరుద్ధం, పైగా ఈసీయూ లెక్కలు తప్పి కొత్త లోపాలు పుడతాయి. విప్పి మసి తీసి శుభ్రం చేస్తే వాల్వు చాలాసార్లు మళ్ళీ పనిచేస్తుంది.

స్కానర్ చెప్పేది, చెప్పనిది

లోపం కోడ్ తీర్పు కాదు, అది ఫిర్యాదు మాత్రమే. పి0299 అంటే టర్బో ఒత్తిడి తక్కువగా ఉందని అర్థం. టర్బో పాడైందని కాదు. పి0234 ఒత్తిడి ఎక్కువైందని, పి0087 రైల్‌లో డీజిల్ ఒత్తిడి తక్కువని, పి0101 గాలి కొలిచే సెన్సర్ లెక్క పొసగట్లేదని చెబుతాయి. పి0299 చూసి టర్బో, పి0087 చూసి హై ప్రెషర్ పంపు మార్చేయడం ఈ వృత్తిలో అన్నిటికంటే ఖరీదైన తప్పు.

అసలు విలువ లైవ్ డేటాలో ఉంది. ఈసీయూ అడిగింది ఎంత, అందింది ఎంత అన్న రెండు అంకెలను పక్కపక్కన పెట్టి, మూడో గేరులో పదిహేను వందల ఆర్పీఎం నుంచి పూర్తిగా తొక్కుతూ నమోదు చేయాలి. బండి నడిపేది ఒకరు, తెర చూసేది మరొకరు కావాలి. నిలిపిన బండిని ఊరికే రేస్ చేస్తే లోడు ఉండదు, అంకెలకు అర్థం ఉండదు. ఉదాహరణకు ఈసీయూ 2100 మిల్లీబార్లు అడిగితే 1450 దగ్గరే ఆగిపోయిందనుకోండి. అదే సమయంలో యాక్చుయేటర్‌కు ఇచ్చే ఆదేశం గరిష్ఠానికి చేరి ఉంటే, ఈసీయూ చేయగలిగిందంతా చేస్తోంది కానీ గాలి కారిపోతోంది, లేదా టర్బో తిరగట్లేదు. ఈసీయూ అడగడమే తక్కువగా ఉంటే లోపం గాలిలో లేదు, ఈసీయూను వెనక్కి లాగుతున్నది వేరే ఏదో ఉంది. టర్బో విప్పే ముందు ఈ తేడా చూడని మెకానిక్ చీకట్లో చేయి పెట్టినట్టే.

ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. కొన్ని స్కానర్లు వాతావరణ పీడనాన్ని కలిపి చూపిస్తాయి, కొన్ని తీసేసి చూపిస్తాయి. 2200 మిల్లీబార్లు అన్నా, 1.2 బార్ల బూస్ట్ అన్నా ఇంచుమించు ఒక్కటే. ఏది చూపిస్తోందో తెలుసుకోవడానికి ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి చూడాలి. తీసేసి చూపే స్కానర్లో అప్పుడు అంకె సున్నా దగ్గర ఉంటుంది, కలిపి చూపే దానిలో ఒత్తిడి సెన్సర్ బయటి గాలి పీడనాన్నే చూపాలి: విశాఖపట్నం తీరంలో 1010 మిల్లీబార్ల చుట్టూ, దాదాపు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో 950 చుట్టూ. హైదరాబాద్‌లో అది 850 అనో 1080 అనో చూపిస్తే సెన్సరే తప్పు చెబుతోంది. దాని మాట నమ్మి ఈసీయూ వేసే లెక్కలన్నీ తప్పవుతాయి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

గాలి బరువు కొలిచే ఎయిర్ మాస్ సెన్సర్‌ను కూడా లెక్కతో పట్టుకోవచ్చు. 1248 సీసీని నాలుగు సిలిండర్లకు పంచితే ఒక్కోదానికి 312 సీసీ. సముద్ర మట్టంలో మామూలు ఎండలో ఒక సీసీ గాలి బరువు సుమారు 1.18 మిల్లీగ్రాములు. అంటే ఒక సిలిండర్ పూర్తిగా నిండితే దాదాపు 370 మిల్లీగ్రాములు. ఎప్పుడూ నూరు శాతం నిండదు కనుక, ఈజీఆర్ మూసి ఖాళీగా తిరిగే ఇంజన్‌లో అంతకు కొంచెం తక్కువగా కనిపించాలి. ఈజీఆర్ తెరుచుకుంటే ఆ మేరకు అంకె బాగా పడిపోతుంది. టర్బో ఒత్తిడి వాతావరణానికి రెట్టింపైనప్పుడు అంకె కూడా ఇంచుమించు రెట్టింపు దిశగా పోవాలి. ఒత్తిడి 2100 చూపుతూ గాలి బరువు మాత్రం 400 దగ్గరే ఆగితే సెన్సర్ మీద జిడ్డు పట్టింది, లేదా అది చచ్చుబడింది. అప్పుడు గాలి లేదనుకుని ఈసీయూ డీజిల్ తగ్గిస్తుంది. బండి పొగ లేకుండా నీరసపడుతుంది. సెన్సర్ దాటాక హోసు చిట్లితే దీనికి సరిగ్గా ఎదురుగా జరుగుతుంది: సెన్సర్ కొలిచిన గాలి దారిలో కారిపోతుంది, ఈసీయూ మాత్రం ఆ గాలి ఉందనుకుని డీజిల్ చల్లుతుంది, నల్ల పొగ వస్తుంది. బలం పోవడం రెండింటిలోనూ ఒకటే అయినా, పొగ రెండింటినీ విడదీస్తుంది.

డీజిల్ దారి

ఖాళీగా తిరిగేటప్పుడు కామన్ రైల్‌లో ఒత్తిడి సాధారణంగా 250 నుంచి 350 బార్లు. పూర్తి లోడులో ఈ తరం ఇంజన్లలో 1600 బార్ల దాకా పోతుంది. ఇక్కడా అదే పద్ధతి: అడిగింది, అందింది. లోడులో అందింది వెనకబడిపోతే వెనక్కి నడవాలి: మొదట ఫిల్టర్, తర్వాత ట్యాంకు నుంచి వచ్చే పైపు, పిమ్మట ఇంజెక్టర్ల నుంచి వెనక్కి పోయే డీజిల్ (రిటర్న్), చివరికి పంపు. ఫిల్టర్ కింది మర విప్పి గాజు సీసాలోకి డీజిల్ పట్టి పది నిమిషాలు కదలకుండా ఉంచండి. నీళ్ళుంటే అడుగున విడిగా చేరతాయి. వానాకాలంలో ఇది తప్పక చూడాలి. కిరోసిన్ కలిసిన డీజిల్‌లో జిడ్డు తక్కువ. పంపు, ఇంజెక్టర్లు డీజిల్ జిడ్డుతోనే అరగకుండా ఉంటాయి కాబట్టి వాటి ఆయుష్షు తరుగుతుంది. ఫిల్టర్‌కు వచ్చే పైపులో పారదర్శకమైన ముక్క పెట్టి చూస్తే, గాలి పీలుస్తున్నచోట బుడగలు వరసగా కనిపిస్తాయి.

ఇంజెక్టర్లను, షెడ్డు భాషలో నాజిళ్ళను, విప్పకుండానే పోల్చవచ్చు. ప్రతి నాజిల్ రిటర్న్ దారికి సన్నని గొట్టం పెట్టి, ఒక్కో సీసాలోకి దించి, ఇంజన్‌ను కొన్ని నిమిషాలు తిప్పుతారు. మూడు సీసాల్లో సమంగా ఉండి నాలుగోదానిలో రెండింతలు చేరితే, రైల్ ఒత్తిడిని తినేస్తున్నది ఆ నాజిలే. ఈ చిన్న పరీక్ష చేయకుండా పంపు మార్చడం దండగ.

పాత ఇంజన్ల మీద చేయి తిరిగినవారు ఒక అలవాటు తప్పక మానుకోవాలి. ఇంజన్ తిరుగుతుండగా నాజిల్ నట్టు వదులు చేసి ఏ సిలిండర్ పనిచేయట్లేదో చూసేవారు. కామన్ రైల్‌లో అలా చేస్తే వందల బార్ల ఒత్తిడితో వచ్చే సన్నని డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది పోటంత కనిపించినా వేలు, చేయి పోగొట్టుకునే గాయం అది. వెంటనే ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇంజన్ ఆపి, ఒత్తిడి దిగేదాకా ఆగకుండా ఆ నట్ల జోలికి ఎవరూ పోకూడదు.

పొగ బయటికి పోయే దారి

వచ్చిన గాలి వచ్చినట్టే బయటికి పోవాలి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ కార్లలో డీపీఎఫ్ మసిని పట్టి, నిండినప్పుడు దాదాపు 600 డిగ్రీల వేడితో తనను తాను కాల్చుకుని శుభ్రపడుతుంది. దానికి కొంతసేపు ఆగకుండా సాగే ప్రయాణం కావాలి. రోజూ ఊళ్ళోనే నాలుగైదు కిలోమీటర్లు తిరిగే బండికి ఆ అవకాశం రాదు. మసి నిండిపోతే ఈసీయూ బలం తగ్గించి లైటు వెలిగిస్తుంది. డీపీఎఫ్‌కు ముందూ వెనకా ఒత్తిడి తేడా కొలిచే సెన్సర్ అంకె ఖాళీగా తిరిగేటప్పుడు కొద్ది మిల్లీబార్లే ఉండాలి. ఆర్పీఎం పెంచితే అది వందల్లోకి పోతుంటే దారి మూసుకుపోయింది. అంకె వింతగా ఉంటే ముందు ఆ సెన్సర్‌కు వెళ్ళే రెండు చిన్న గొట్టాలు చిట్లాయేమో, తారుమారయ్యాయేమో చూడాలి. కాలేది మసి మాత్రమే. ఇంజన్ ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు. అందుకే ఈ బండ్లకు కంపెనీ చెప్పిన తక్కువ బూడిద ఆయిలే పోయాలి.

పాత బండ్లలో విరిగి అడ్డం పడిన కెటలిటిక్ కన్వర్టర్, లోపలి రేకు ఊడిన సైలెన్సర్ కూడా ఇదే పని చేస్తాయి. ముందు జాయింటు వదులు చేసి కొద్ది దూరం నడిపి చూడాలి. తేలికపడితే అడ్డు ఆ వెనకే ఉంది.

ఈసీయూ కళ్ళెం, ఇంజన్ అరుగుదల

ఏదైనా కీలకమైన సెన్సర్ తప్పితే ఈసీయూ డీజిల్‌ను, ఆర్పీఎంను హద్దుల్లో పెడుతుంది. బండి ఇంటికి చేరుతుంది కానీ లాగదు. యాక్సిలరేటర్ పెడల్‌లో రెండు సెన్సర్లు ఉంటాయి. రెండూ ఒకే మాట చెప్పాలి. బ్రేకు స్విచ్ పాడై ఎప్పుడూ బ్రేకు తొక్కినట్టే కనిపిస్తే కొన్ని కార్లలో బలం అందదు. రేడియేటర్ వేడెక్కితే ఎండాకాలంలో అదీ ఒక కారణం.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే ఇంజన్ లోపలికి పోవాలి. ఖాళీగా తిరుగుతుండగా ఆయిల్ మూత తీస్తే పొగ ఉఫ్ ఉఫ్‌మని కొడుతుంటే రింగులు అరిగాయి. డీజిల్ ఇంజన్‌లో కంప్రెషన్ సాధారణంగా 25 నుంచి 30 బార్ల చుట్టూ ఉండాలి. అంతకంటే ముఖ్యం, నాలుగు సిలిండర్లకూ దగ్గర దగ్గరగా ఉండాలి. సాగిన టైమింగ్ చైన్ కూడా బలాన్ని తింటుంది.

టర్బోయే పోయినప్పుడు

ఇంతదాకా వచ్చాక టర్బో మీదే అనుమానం నిలబడితే పీల్చుడు గొట్టం విప్పి ఇరుసు ముక్కును రెండు వేళ్ళతో పట్టి చూడాలి. పక్కలకు కొద్దిగా ఆడటం మామూలు. ఆయిల్ పొర మీద తేలేలా చేసిన బేరింగు అది. ముందుకీ వెనక్కీ ఆట చేతికి తెలిస్తే, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు కనిపిస్తే, రెక్కల అంచులు చిట్లితే, టర్బో నిజంగానే పోయింది. నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరిగే వస్తువుకు ఆయిల్ కాసేపు అందకపోయినా చాలు. ఆయిల్ మార్చడం ఆలస్యం చేయడం, ఘాట్ ఎక్కి ఎర్రగా కాలిన టర్బోతో వెంటనే ఇంజన్ ఆపేయడం, ఆయిల్ తెచ్చే సన్నని పైపులో బొగ్గు పేరుకోవడం దీనికి సామాన్య కారణాలు. నాజిల్ కింది రాగి వాషర్ లీకైతే మసి ఆయిల్‌లో కలిసి సంపులోని జల్లెడను మూసి, టర్బోను ఎండబెడుతుంది. అందుకే టర్బో ఎందుకు పోయిందో తెలియకుండా కొత్తది బిగించకూడదు. ఆయిల్ పైపు కొత్తది వేయాలి, ఆయిల్, ఫిల్టర్ మార్చాలి, సంపు విప్పి జల్లెడ చూడాలి.

ఇంటర్‌కూలర్‌లో చేరిన ఆయిల్‌ను పూర్తిగా వంపేయడం మరిచిపోకూడదు. మిగిలిన ఆయిల్‌ను ఇంజన్ డీజిల్‌లాగే కాల్చుకుంటుంది. అప్పుడు తాళం తీసినా ఇంజన్ ఆగకుండా రేస్ అవుతూ పోతుంది, ముక్కలయ్యేదాకా. అలా జరిగితే బ్రేకు గట్టిగా తొక్కి, పెద్ద గేరులో వేసి క్లచ్ వదిలి ఇంజన్‌ను చంపాలి. ఆటోమేటిక్ బండిలో అయితే గాలి దారి గట్టి పలకతో మూయాలి, చేత్తో మూయకూడదు.

బిగించాక ఇంజన్ స్టార్ట్ చేసే ముందు కొత్త టర్బో ఆయిల్ రంధ్రంలో కొద్దిగా ఆయిల్ పోసి, చేత్తో చక్రాన్ని తిప్పాలి. కాసేపు ఖాళీగా నడవనిచ్చి, జాయింట్లు చూసుకుని, కోడ్లు తుడిచి, మొదట కొలిచిన రోడ్డు మీదే, అదే గేరులో, అదే వేగం నుంచి మళ్ళీ పూర్తిగా తొక్కి నమోదు చేయాలి. ఈసీయూ అడిగిన గీత మీద అందిన గీత చేరిందో లేదో ఆ తెర మీదే తెలుస్తుంది. ఆ రెండు నమోదులూ, మరమ్మతుకు ముందుదీ తర్వాతదీ, బిల్లుతో పాటు బండి యజమాని చేతికి ఇవ్వాలి.